గుజరాతీపేట బల్ల మీదికి 34 అంగుళాల వంపు తెర: పన్నెండు వారాల ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 24, 2025, ఆదివారం

20వ తేదీతో ఈ నెల జీఎస్టీఆర్-3బి (నెలవారీ పన్ను చెల్లింపు) రిటర్నుల పని ముగిసింది కాబట్టి చాలాకాలంగా వాయిదా వేస్తున్న పనికి, అంటే వెడల్పాటి వంపు మానిటర్ కొనడానికి, ఈరోజు శ్రీకారం చుడుతున్నాను. నేను శ్రీకాకుళం గుజరాతీపేటలో ఇంటి నుంచే పదిహేడు మంది వ్యాపారుల పన్ను లెక్కలు చూస్తాను. వారిలో సగానికి పైగా పలాస, కాశీబుగ్గ ప్రాంతాల జీడిపప్పు వ్యాపారులు. ప్రతి నెలా 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి, అంటే సరుకు అమ్మినవారు చూపిన బిల్లుల పట్టిక, వస్తుంది. దాన్ని ఒక విండోలో, వ్యాపారి కొనుగోలు రిజిస్టరును మరో విండోలో తెరిచి, సరుకు అమ్మినవారి 15 అక్షరాల జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, పన్ను మొత్తం ఒక్కొక్కటిగా సరిపోల్చుకోవాలి.

నా దగ్గరున్నది 22 అంగుళాల 1920×1080 మానిటర్. ఎక్సెల్‌లో మనం మార్చకుండా వదిలేసిన కాలమ్ వెడల్పు 64 పిక్సెళ్లు. ఆ లెక్కన అంచు పట్టీలు పోను తెర మీద 28 లేదా 29 కాలమ్‌లు పడతాయి. రెండు ఫైళ్లు పక్కపక్కన పెడితే ఒక్కోదానికి 14 మిగులుతాయి. 2బి షీట్‌లో 20 దాకా కాలమ్‌లుంటాయి కాబట్టి ప్రతి బిల్లుకూ కుడికి జరిపి పన్ను చూసి, మళ్లీ ఎడమకు జరిపి పేరు చూడవలసి వస్తోంది. వేలకొద్దీ బిల్లుల దగ్గర ఆ రెండు సెకన్లే గంటలవుతాయి, పైగా వరుస తప్పి పొరపాట్లు దొర్లుతాయి.

అదే కంప్యూటర్ మీద రాత్రిపూట నేను యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఆడతాను, డిగ్రీ చదువుతున్న తమ్ముడు ఎల్డెన్ రింగ్, ఫోర్జా హొరైజన్ 5 ఆడతాడు. కంప్యూటర్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, రేడియన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. వాటిని మార్చే స్తోమత ఈ ఏడాది లేదు. మానిటర్‌కూ, దానికి కావలసిన ఏర్పాట్లన్నిటికీ కలిపి 30,000 రూపాయలు దాటకూడదని ఇంట్లో మాట ఇచ్చాను.

రెండు 24 అంగుళాల మామూలు మానిటర్లు కొనడం ఒక వెడల్పాటి వంపు తెరకంటే చవక అన్న సంగతి ముందే రాసుకోవాలి. కేవలం ఆఫీసు పని మాత్రమే చేసేవారికి నేను ఇప్పటికీ అదే చెబుతాను. ఆట దగ్గర మాత్రం సరిగ్గా కంటి ఎదుట రెండు మానిటర్ల అంచులు కలిసి నల్లటి గీత నిలబడుతుంది. అప్పుడు రెండో మానిటర్ ఆటకు అక్కరకు రాదు. రెండు అవసరాలూ ఒకే తెర మీద తీరాలంటే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 21:9 ఉన్న అల్ట్రావైడే దారి.

ఆగస్టు 31, ఆదివారం

కొనే ముందు కొలవాలని నిశ్చయించుకున్నాను. బజారు నుంచి ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చి, 34 అంగుళాల అల్ట్రావైడ్ తెర కొలత ప్రకారం 80 సెంటీమీటర్ల వెడల్పు, 33.5 సెంటీమీటర్ల ఎత్తుతో ముక్క కోశాను. ఎత్తు చూస్తే 27 అంగుళాల మామూలు మానిటర్ ఎత్తే, పెరిగినదంతా వెడల్పే.

తర్వాత వంపు సంగతి. 1000ఆర్, 1500ఆర్, 1800ఆర్ అని రాసేది మిల్లీమీటర్లలో వ్యాసార్ధం. 1500ఆర్ తెర అంటే ఒకటిన్నర మీటరు వ్యాసార్ధం గల వృత్తంలో ఒక ముక్క. మేడ మీద మేకు పాతి, నూతి చుట్టు గీయడానికి మేస్త్రీలు చేసినట్టు తాడు కట్టి, సుద్దముక్కతో మూడు చాపాలు గీసి, వాటి మీద అట్టను నిలబెట్టి వంచాం. తెర మధ్యభాగం కంటే అంచులు 1800ఆర్‌లో నాలుగున్నర సెంటీమీటర్లు, 1500ఆర్‌లో ఐదుకు కొంచెం పైగా, 1000ఆర్‌లో దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు ముందుకు వచ్చాయి.

ఈ అంకెలు చిన్నవిగా కనబడతాయి కాని కన్ను దగ్గర లెక్క వేరు. తెర మధ్యభాగం కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చదునైన తెర అంచు 80 సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. 1500ఆర్ వంపులో అదే అంచు 76 దగ్గరికీ, 1000ఆర్‌లో 73 దగ్గరికీ వస్తుంది. మధ్య నుంచి అంచుకు చూపు మరల్చినప్పుడు కన్ను తిరిగి సర్దుకోవలసిన దూరం అంతగా తగ్గుతుంది. అంతేకాక అంచున ఉన్న అక్షరం మనవైపు తిరిగి ఉంటుంది. వంపు అలంకారం కోసం పెట్టినదని నేను ఇన్నాళ్లూ అనుకున్న మాట తప్పని ఈ అట్టముక్కే చూపించింది.

అసలు ఇబ్బంది మరోచోట బయటపడింది. నా బల్ల లోతు 60 సెంటీమీటర్లు. మానిటర్ స్టాండు పాదం 25 సెంటీమీటర్ల దాకా లోతు తీసుకుంటుంది. ఆ మేరకు అట్టను ముందుకు జరిపి కూర్చుంటే కంటికీ అట్టకూ మధ్య 52 సెంటీమీటర్లే మిగిలాయి. అట్ట చివర అంటించిన 2బి ప్రింటు చదవాలంటే మెడ తిప్పక తప్పలేదు. 70కి వెనక్కు జరిగి చూసినప్పుడు కళ్లు తిప్పితే చాలింది. అంటే ఏ మానిటర్ కొన్నా, ముందు బల్ల 18 సెంటీమీటర్లు పెరగాలి.

సెప్టెంబర్ 4, గురువారం

నిన్న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం తీసుకున్న నిర్ణయాలు చదివాక కొనుగోలు ఆపేశాను. జీఎస్టీ పట్టికలో 8528 శీర్షిక కింద వచ్చే మానిటర్లలో 32 అంగుళాల లోపువి ఇప్పటికే 18 శాతం పన్నులో ఉన్నాయి. అంతకంటే పెద్దవాటికి ఇప్పటిదాకా 28 శాతం. ఈ నెల 22 నుంచి అవి కూడా 18 శాతానికి దిగుతాయి. నేను చూస్తున్న 34 అంగుళాల మానిటర్ ధర పన్నుతో కలిపి 29,990. 28 శాతం తీసేస్తే అసలు విలువ 23,430. దానికి 18 శాతం కలిపితే 27,650 లోపే. అమ్మేవారు తగ్గింపును పూర్తిగా అందిస్తే దాదాపు 2,340 రూపాయలు మిగులుతాయి, అంటే బల్ల ఖర్చు అందులోనే వచ్చేస్తుంది. 29 అంగుళాల అల్ట్రావైడ్‌కు ఈ మార్పుతో సంబంధం లేదు కాబట్టి వాటి ధర తగ్గుతుందని ఎదురుచూడనవసరం లేదు. నా ఆదాయం 20 లక్షల లోపే కనుక నాకు జీఎస్టీ నమోదు లేదు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుకునే వీలు) ఆలోచన మొదటే పక్కన పెట్టాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

34 అంగుళాల్లో రెండు రకాల రిజల్యూషన్లు దొరుకుతాయి. 2560×1080 ఉన్నవి బాగా చవక. 3440×1440 ఉన్నవి ఖరీదు. ఆ తేడాకు తగిన ఫలితం ఉందో లేదో కంటితో చూడాలనుకున్నాను. శ్రీకాకుళంలో అల్ట్రావైడ్ పెట్టి చూపించే దుకాణం దొరకలేదు, అయితే లెక్క ఒక దారి చూపింది. 34 అంగుళాల్లో 2560×1080 అంటే అంగుళానికి 82 పిక్సెళ్లు. 27 అంగుళాల 1920×1080 మానిటర్‌లోనూ దాదాపు అంతే. అలాగే 34 అంగుళాల 3440×1440కూ, 27 అంగుళాల 2560×1440కూ సాంద్రత ఒకటే, 110 దగ్గర. కనుక అల్ట్రావైడ్ లేకపోయినా 27 అంగుళాల మానిటర్లు రెండు దొరికితే అక్షరం ఎలా కనబడుతుందో తెలుసుకోవచ్చు.

మొదటిది మా వీధి చివర డీటీపీ సెంటర్‌లో, రెండోది తమ్ముడి స్నేహితుడి ఇంట్లో దొరికాయి. రెండింటి మీదా ఒకే ఫైలు, ఒకే సైజు నిర్మల ఫాంటు అక్షరాలతో తెరిచాను. ఇంగ్లీషు అంకెలు 82 దగ్గర కూడా ఇబ్బంది లేకుండా చదవగలిగాను. తెలుగు మాత్రం అలా కాదు. ‘సామర్థ్యం’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వంటి మాటల్లో అక్షరం కింద వత్తు, ఆ వత్తు కింద మరో వత్తు వచ్చేసరికి నాలుగైదు పిక్సెళ్లలోనే అంతా ఇమడాలి. డీటీపీ సెంటర్ మానిటర్ మీద ‘థ’ లోపలి చుక్క గీతలో కలిసిపోయి ‘ధ’లా కనబడింది. 110 దగ్గర చుక్క చుక్కగానే నిలిచింది. తెలుగులో చదివి రాసేవారు 34 అంగుళాల్లో 2560×1080 తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. డబ్బు సరిపోకపోతే అదే రిజల్యూషన్‌ను 29 అంగుళాల్లో తీసుకోవడం మేలు. అక్కడ సాంద్రత 96 దాకా ఉంటుంది.

3440×1440 వల్ల ఎక్సెల్‌లో 50కి పైగా కాలమ్‌లు పడతాయి. ఎత్తులో పెరిగే 360 పిక్సెళ్ల వల్ల, వరుసకు 20 చొప్పున, మరో 18 వరుసలు కలుస్తాయి.

సెప్టెంబర్ 13, శనివారం

11వ తేదీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) గడువు దాటింది, 2బి రేపు వస్తుంది. మధ్యలో దొరికిన ఈ రోజున పొద్దున్నే బస్సెక్కి తమ్ముడూ నేనూ విశాఖపట్నం వెళ్లాం. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వెళ్లినందుకు చూడవలసినవన్నీ చూసి రావాలని పెన్‌డ్రైవ్‌లో 2బి నమూనా, తెలుగు ఫైలు, చీకటి దృశ్యాల వీడియో పెట్టుకున్నాను. మొదటి దుకాణంలో తమ ప్రదర్శన వీడియో తప్ప మరేదీ పెట్టనివ్వలేదు. రెండో దుకాణంలో పనిచేసే అబ్బాయి ఓపికగా అరగంట మమ్మల్ని వదిలేశాడు.

బడ్జెట్ ధరలో దొరికే వంపు అల్ట్రావైడ్‌లు చాలావరకు వీఏ ప్యానెళ్లే; వీఏ, ఐపీఎస్ అనేవి ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలు. వీఏ కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు నిష్పత్తి) సాధారణంగా 3000:1 దగ్గర ఉంటుంది. ఐపీఎస్‌లో 1000:1 దగ్గర. రాత్రి దృశ్యంలో నలుపు నలుపుగా కనబడటం వీఏ బలం. పక్క నుంచి చూస్తే రంగు కొంత వెలవెలబోవడం, నల్లటి వస్తువులు వేగంగా కదిలేటప్పుడు వెనకాల మసక తోక మిగలడం దాని బలహీనతలు. ఇవి రెండూ అక్కడే గమనించాను.

వంపుల విషయంలో మాత్రం అట్టముక్క చెప్పని సంగతి ఒకటి తెలిసింది. 1000ఆర్ తెర ముందు సరిగ్గా మధ్యన కూర్చుంటే ఆటకు అది అద్భుతంగా ఉంది, తమ్ముడు లేవనంటే లేవనన్నాడు. ఎక్సెల్ గళ్ల గీతలు మాత్రం నేను కాస్త పక్కకు ఒరిగినప్పుడల్లా విల్లులా వంగాయి. పక్కన కుర్చీ వేసుకుని వ్యాపారికి లెక్క చూపించడం నాకు రోజూ ఉండే పని. 1500ఆర్ దగ్గర ఆ వంపు రెండు నిమిషాల్లో కంటికి అలవాటైపోయింది.

“అక్కా, ఆటకైతే అదే బాగుందే,” అన్నాడు తిరుగు బస్సులో.

“పగలు ఎనిమిది గంటలు కూర్చునేది నేను కదరా,” అన్నాను. మారు మాట్లాడలేదు.

పోలిక కోసం రాసుకున్న వివరాలు (హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో చెప్పే అంకె): శాంసంగ్ ఒడిస్సీ జీ5 34 అంగుళాలది 1000ఆర్, 165 హెర్ట్జ్, ఎల్‌జీ 34డబ్ల్యూపీ65సీ 1800ఆర్, 160 హెర్ట్జ్, గిగాబైట్ జీ34డబ్ల్యూక్యూసీ, షియోమీ 34 అంగుళాల కర్వ్డ్ రెండూ 1500ఆర్, 144 హెర్ట్జ్. నాలుగూ వీఏ ప్యానెళ్లే, నాలుగింటి రిజల్యూషన్ 3440×1440. చివరికి కొన్న మోడల్ పేరు ఈ డైరీలో రాయను. పేర్లు ఏడాదికోసారి మారిపోతాయి, చూసుకోవలసిన లక్షణాలు మాత్రం ఇవే.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఈరోజు కేబుల్ లెక్క. తెరకు సెకనుకు ఎంత సమాచారం పంపాలో కాగితం మీద వేసుకుంటే చాలా అనుమానాలు తీరతాయి. 3440×1440 అంటే 49,53,600 పిక్సెళ్లు; ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు. 100 హెర్ట్జ్ దగ్గర సెకనుకు దాదాపు 11.9 గిగాబిట్లు, 144 దగ్గర 17.1, 165 దగ్గర 19.6. వీటికి పైన కొంత అదనం ఉంటుంది. హెచ్‌డీఎంఐ 2.0 కేబుల్ ద్వారా నికరంగా వెళ్లేది 14.4 గిగాబిట్లు, డిస్‌ప్లేపోర్ట్ 1.4 ద్వారా 25.9. కాబట్టి 144 హెర్ట్జ్ మానిటర్ కొని హెచ్‌డీఎంఐ 2.0 రంధ్రంలో పెట్టినవారు 100 దగ్గరే ఆగిపోతారు, పైగా మానిటర్ మోసం చేసిందనుకుంటారు. నా కార్డుకు డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉంది, మానిటర్‌కు అది ఉండటం, పెట్టెలో ఆ కేబుల్ ఉండటం తప్పనిసరి షరతులుగా రాసుకున్నాను.

పెట్టెల మీది రెండు మాటలను నేను పట్టించుకోను. స్పందన సమయం ‘1 మిల్లీసెకను’ అన్నది చాలాసార్లు వెనక వెలుగును మిణుకుమిణుకుమనిపించినప్పుడు వచ్చే కొలత. నలుపు నుంచి ముదురు బూడిద రంగుకు పిక్సెల్ మారడానికి పట్టే సమయాన్ని అది చెప్పదు. ‘హెచ్‌డీఆర్ 400’ ముద్రకు తెరలో భాగాలవారీగా వెలుగు తగ్గించే ఏర్పాటు అవసరం లేదు, అది లేకుండా చీకటి పక్కన వెలుగు మెరవదు.

గ్రాఫిక్స్ కార్డు భారం కూడా చూసుకున్నాను. 1920×1080తో పోలిస్తే కార్డు ఇప్పుడు 2.4 రెట్ల పిక్సెళ్లు గీయాలి. ఆర్‌ఎక్స్ 6600 ప్రధానంగా 1080 కోసం చేసిన కార్డు. కొత్త ఆటలను అన్ని హంగులతో సెకనుకు 144 ఫ్రేముల దగ్గర ఆడాలనుకుంటే ఈ కొనుగోలు సరికాదు. మా ఆటలకు 60 నుంచి 80 వస్తే చాలు, తెర వేగాన్ని ఫ్రేముల వేగానికి సరిపెట్టే ఫ్రీసింక్ ఉంటే ఆ మధ్యలో చిత్రం చీలదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

వడ్రంగి మేస్త్రి గారు వచ్చారు. బల్లను కొత్తగా చేయించకుండా, గోడకూ బల్లకూ మధ్య 18 సెంటీమీటర్ల వెడల్పున 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక వేసి, కింద రెండు ఇనుప ఎల్ బిగింపులతో గోడకు కట్టమన్నాను. ఆయన అట్టముక్కను బల్ల మీద పెట్టించి, దూరంగా నిలబడి చూసి, “రెండు సాలవు అమ్మా, నడుమన ఇంకోటి ఎయ్యాల, లేకపోతే జారిపోద్ది,” అన్నారు. బరువంతా స్టాండు పాదం కింద మధ్యలోనే పడుతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఆయన మాట ప్రకారమే మూడోది వేయించాను. మొత్తం ఖర్చు 1,900. మానిటర్ ఆర్మ్ ఆలోచన కూడా వచ్చింది కాని, పాత బల్ల పలక పొట్టుచెక్క. ఆరేడు కిలోల బరువును ఒక్క అంచు మీద బిగిస్తే అది నలిగిపోయే ప్రమాదం ఉంది.

అక్టోబర్ 12, ఆదివారం

దసరా మరునాడు 27,650కి ఆర్డర్ పెట్టాను. మొదటి పెట్టె 8వ తేదీన వచ్చింది. ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. తెచ్చిన అబ్బాయి ఎదుటే విప్పుతూ వీడియో తీశాం. తెర వెలిగించగానే నొక్కుపడిన మూల నుంచి పైకి సన్నని గీత కనబడింది. రవాణాలో జరిగిన నష్టమని అమ్మినవారు ఒప్పుకున్నారు కాని, మార్చి ఇవ్వడానికి వారం అడిగారు. వంపు తెరను ఎప్పుడూ అంచులు పట్టుకుని ఎత్తకూడదు. పెట్టెలోని థర్మకోల్‌తో సహా పడుకోబెట్టి స్టాండు బిగించి, మెడ భాగం పట్టుకుని లేపాలి. ఆ వీడియో లేకపోతే గీత మా చేతుల వల్లే పడిందని వాదించే అవకాశం వారికి ఉండేది.

అక్టోబర్ 19, ఆదివారం

రెండోది శుక్రవారం చేరింది. తెల్ల, నల్ల, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు తెర నిండా పెట్టి ఒక్కో మూలా పరిశీలించాం; చచ్చిన పిక్సెల్ ఒక్కటీ లేదు. విండోస్‌లో రిఫ్రెష్ రేటు మొదట 60గానే ఉంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 144కు మార్చాలి. వెలుగును నూటికి 35కు తగ్గించాను, అక్షరాల పరిమాణం 100 శాతం దగ్గరే ఉంచాను.

నిన్న ఒక్కరోజులో ఐదుగురు వ్యాపారుల 2బి పూర్తయింది. ఎడమవైపు 2బి, కుడివైపు రిజిస్టరు, రెండింటి మధ్య పోర్టల్ ఇరుకుగా. పేరు నుంచి పన్ను వరకు ఒకే చూపులో కనబడటం ఎంత హాయో చెప్పలేను. ఒక బిల్లు నంబరులో సున్నా ఉండవలసినచోట ‘ఓ’ అక్షరం పడిందని స్క్రోలు చేయకుండానే కనిపెట్టాను.

ట్రక్కు ఆటలో రెండు పక్కల అద్దాలూ చూపు తిప్పకుండానే కనబడుతున్నాయి. ఫోర్జాలో ఎఫ్‌ఎస్‌ఆర్‌ను ‘క్వాలిటీ’లో పెట్టాం, అప్పుడు కార్డు లోపల 2293×960కి గీసి పెద్దది చేస్తుంది. మధ్యస్థ సెట్టింగులతో 80 దగ్గర నిలిచింది. ఎల్డెన్ రింగ్ మాత్రం 21:9ని ఒప్పుకోదు; మధ్యలో 2560 పిక్సెళ్లలో ఆడి, అటూ ఇటూ 440 చొప్పున నల్లగా వదిలేస్తుంది, 60 ఫ్రేములు దాటదు. ఈ సంగతి ముందే తమ్ముడికి చెప్పాను కాబట్టి నిరాశపడలేదు. వీఏ నలుపు వల్ల ఆ పట్టీలు కంటికి ఆనడం లేదన్నాడు.

నవంబర్ 2, ఆదివారం

మొంథా తుపాను రాత్రి వానకు మా వీధిలో కరెంటు పలుమార్లు పోయి వచ్చింది. కార్డు 132 వాట్లు, ప్రాసెసర్ 70 చిల్లర, మిగతా భాగాలు 50, మానిటర్ 45 అనుకుంటే ఆటలో మొత్తం 300 దాటుతుంది. మా 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ సామర్థ్యం 360 వాట్లు. అది మోసింది కాని, ఫైలు భద్రపరిచి ఆపుకునేంత సమయమే ఇచ్చింది.

మసక తోక గురించి రెండు వారాల అనుభవం: రాత్రి అడవి దారిలో ట్రక్కు నడుపుతుంటే నల్లని చెట్ల అంచులు ఊదారంగు నీడను ఈడ్చుతున్నాయి. మానిటర్ మెనూలో పిక్సెళ్లు త్వరగా మారేలా చేసే ఓవర్‌డ్రైవ్‌ను గరిష్ఠానికి పెడితే తోక పోయి దాని బదులు తెల్లటి అంచు వచ్చింది, అది మరీ చెడ్డది. మధ్యస్థంలో ఉంచి, నలుపు స్థాయిని రెండు మెట్లు పెంచితే తోక సగానికి తగ్గింది. ఆట లోడయ్యేటప్పుడు ఫ్రేములు ఎగిరిపడి ఫ్రీసింక్ వల్ల తెర కాస్త మిణుకుమంటోంది. ఫ్రేములను 80 దగ్గర కట్టేశాక అది ఆగింది. వేగంగా కాల్చే పోటీ ఆటలే ప్రాణంగా ఆడేవారు ఈ ధరలో వీఏ అల్ట్రావైడ్ కాకుండా 27 అంగుళాల ఐపీఎస్ తీసుకోవాలి.

నవంబర్ 16, ఆదివారం

శుక్రవారం వచ్చిన 2బి మీద పదిహేడు ఖాతాలలో పదకొండు ఈ సాయంత్రానికి తేలాయి. కిందటి నెలల్లో ఇదే తేదీకి ఆరు దాటేవి కావు. మొత్తం ఖర్చు 29,550. మిగిలిన 450తో తూర్పు కిటికీకి మందపాటి తెర కుట్టించాలి. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు సూర్యుడి వెలుగు వంపు కుడి అంచున పొడవాటి చారలా పడి, సరిగ్గా ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) కాలమ్‌ను కప్పేస్తోంది. కొలత రాసుకున్నాను: 122 సెంటీమీటర్ల వెడల్పు, 135 పొడవు.